కోనసీమలో కొండ ఎక్కడుంది?

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

పిల్లల డ్రాయింగు క్లాసు గురించి నాలుగు మాటలు చెప్పమని కమిటీవారు మమ్మల్ని అడిగారు. అలా అడగడానికి కారణం ఉంది. ఆదివారం ఉదయం మన హాల్లో జరిగే ఆ గంటను తీసేసి, దాన్ని కూడా లెక్కల ట్యూషన్‌కు ఇస్తే బాగుంటుందని కొందరు పెద్దలు అన్నారు. "బొమ్మలు కూడు పెడతాయా?" అని ఒకరు అడిగారు. "మన దీన్‌లో బొమ్మలు కూడవు కదా?" అని ఇంకొకరు అడిగారు. రెండూ అడగవలసిన ప్రశ్నలే. కష్టపడి సంపాదించిన డబ్బు ఇచ్చేవారికి అది ఎటు పోతోందో తెలుసుకునే హక్కు ఉంది. అందుకని ఈ రోజు ఆ రెండు ప్రశ్నలకూ మాకు తెలిసినంతలో జవాబు చెప్పుకుంటాం. దానికంటే ముందు ఆ గంటలో ఏం జరుగుతుందో చెప్పాలి.

మా క్లాసుకు వచ్చేవాళ్ళు అయిదేళ్ళ నుంచి పదేళ్ళ లోపు పిల్లలు. టైలర్ల పిల్లలు, పరుపులు కుట్టేవారి పిల్లలు, పళ్ళ బండి పెట్టుకున్నవారి పిల్లలు, ఆటో నడిపేవారి పిల్లలు. కొత్తగా చేరిన పిల్లవాడికి మొదటి రోజు కాగితం ఇచ్చి "నీకు ఇష్టమైనది వెయ్యి నాన్నా" అంటాం. పదిమందిలో ఎనిమిదిమంది ఒకటే బొమ్మ వేస్తారు. మీరు కూడా చిన్నప్పుడు వేసే ఉంటారు. రెండు కొండలు, వాటి మధ్య నుంచి పొడుచుకొస్తున్న సూర్యుడు, కొండల్లోంచి పారే ఏరు, పక్కన ఒక గుడిసె, ఒక కొబ్బరిచెట్టు, ఆకాశంలో నాలుగు పిట్టలు.

అప్పుడు మేము అడుగుతాం, "కోనసీమలో కొండ ఎక్కడుందిరా?" అని.

పిల్లలు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటారు. ఒకడు "ఆయ్, తెల్దండి" అంటాడు. నిజమే మరి. గౌతమికీ వశిష్ఠకూ మధ్య గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు మట్టి మీద మనం బతుకుతున్నాం. అమలాపురం నుంచి రాజోలు వెళ్ళినా, కొత్తపేట వెళ్ళినా అంతా చదునైన నేలే. కళ్ళెదుట కాలువలు, లంకలు, వంతెనలు, పంటులు, అరటితోటలు ఉండగా పిల్లవాడు తాను ఎన్నడూ చూడని కొండ వేస్తున్నాడు. వాడి అన్న వేశాడు కాబట్టి, వాడి అన్నకు ఇంకెవరో చూపించారు కాబట్టి.

మా క్లాసు మొత్తం ఆ ఒక్క ప్రశ్న మీద నడుస్తుంది. ఎవరో వేసిన కొండను దించడం మానేసి, నీ ఇంటి ముందు ఏముందో నీ కళ్ళతో చూడు అని నేర్పుతాం. పరీక్షల్లో ఎవరో రాసిన జవాబును అర్థం కాకుండానే బట్టీపట్టి దించే అలవాటు ఎక్కడ మొదలవుతుందో, ఉపాధ్యాయులుగా మాకు తెలుసు. అది ఈ కొండల దగ్గరే మొదలవుతుంది.

రెండో వారం ఒక కొబ్బరి మట్ట తెచ్చి హాలు మధ్యలో పెడతాం. రోజూ చూసే వస్తువే. కాని గీయమంటే పిల్లలు కింద ఒక నిలువు గీత, పైన గొడుగులా నాలుగు గీతలు వేసి "అయిపోయిందండి" అంటారు. అప్పుడు దగ్గరకు పిలుస్తాం. ఆకులు ఎదురెదురుగా ఉన్నాయా, ఒకటి పైకి ఒకటి కిందకు ఉన్నాయా? మొదట్లో ఆకు పొడవెంత, మధ్యలో ఎంత, చివర ఎంత? ఈనె ఎక్కడ సన్నబడింది? వాళ్ళు వేలితో తడిమి చూస్తారు, లెక్కపెడతారు, వాదించుకుంటారు. మళ్ళీ కూర్చుని గీస్తారు. రెండో బొమ్మ అందంగా ఉంటుందని మేము చెప్పం. చాలాసార్లు మొదటిదే పొందిగ్గా ఉంటుంది. కాని రెండోది వాడు చూసి వేసినది.

పిల్లలు వయసును బట్టి ఎలా గీస్తారన్న విషయం మీద విక్టర్ లోవెన్‌ఫెల్డ్ అనే ఆచార్యుడు 1947లో 'క్రియేటివ్ అండ్ మెంటల్ గ్రోత్' అనే పుస్తకం రాశాడు. బి.ఎడ్. చదివినవారికి ఆ పేరు గుర్తుండవచ్చు. రెండు నుంచి నాలుగేళ్ళ వరకు పిల్లలు పిచ్చిగీతలు గీస్తారు. అవి పనికిరాని గీతలు కావు. చేతిని కంటితో నడపడం అప్పుడే నేర్చుకుంటారు. నాలుగు నుంచి ఏడేళ్ళ మధ్య ఒక గుండ్రని సున్నాకు కాళ్ళూ చేతులూ తగిలిస్తారు. ఏడు నుంచి తొమ్మిదేళ్ళ మధ్య కాగితం అడుగున ఒక గీత గీసి, అది నేల అంటారు. దాని మీదే ఇల్లూ చెట్టూ అన్నీ నిలబెడతారు. తమకు ముఖ్యమైనదాన్ని పెద్దగా వేస్తారు. గోడ ఉన్నా లోపలి మంచమూ గిన్నెలూ కనబడేలా వేస్తారు. తొమ్మిది దాటాక తమ బొమ్మ అసలుదానిలా లేదని తామే సిగ్గుపడతారు. సరిగ్గా ఆ వయసులో ఎవరూ చేయి పట్టుకోకపోతే చాలామంది పెన్సిలు వదిలేస్తారు. "నాకు బొమ్మలు రావు" అనే పెద్దవాళ్ళందరూ ఆ వయసులో ఆగిపోయినవాళ్ళే. ఇది తెలియని పెద్దలు అయిదేళ్ళ పిల్లను పట్టుకుని "మనిషికి మెడ ఏదే?" అని నవ్వుతారు. మెడ దానంతట అదే వస్తుంది. నవ్వితే మాత్రం పిల్ల మళ్ళీ గీయదు.

గోడ లోపలివి కనబడేలా వేస్తారని చెప్పాం కదా. 2022 జూలైలో గోదావరికి వచ్చిన వరద మీకందరికీ గుర్తుంది. ధవళేశ్వరం దగ్గర పాతిక లక్షల క్యూసెక్కులు దాటి నీరు వచ్చింది. మన లంక గ్రామాలు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. నీరు తీశాక క్లాసు మొదలుపెట్టినప్పుడు వరద బొమ్మ వేయమని మేము ఎవరికీ చెప్పలేదు. లంక నుంచి వచ్చే ఒక ఏడేళ్ళ బాబు ఇల్లు వేశాడు. ఇంట్లో నీళ్ళు, నీళ్ళలో మంచం, మంచం మీద ట్రంకుపెట్టె, పెట్టె మీద బడి సంచి. ఆ సంచి ఇంటి తలుపుకంటే పెద్దగా ఉంది. "దీని గురించి చెప్పు నాన్నా" అన్నాం. "పుస్తకాలు తడిసిపోయాయండి. అమ్మీకి చెప్పలేదండి" అన్నాడు. ఇంట్లో బియ్యమే తడిసిపోయి ఉంటే పుస్తకాల సంగతి తల్లికి ఎలా చెబుతాడు? మరుసటి వారం మన సొసైటీ బీరువాలోంచి వాడికి పుస్తకాలు ఇచ్చాం. ఆ పుస్తకాలు మీ డబ్బుతో కొన్నవే. అవి ఎవరికి అవసరమో మాకు చెప్పింది ఆ బొమ్మ.

ఇంకొక పాప సంగతి. వాళ్ళ అమ్మీ కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళింది. మన కోనసీమలో ఇలాంటి ఇళ్ళు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. పాప నానీ దగ్గర పెరుగుతోంది. 'మా ఇల్లు' వేయమంటే ఇల్లు వేసి, ఇంటి మధ్యలో గోడంత పెద్ద ఫోను వేసింది. ఫోనులో ఏమీ లేదు, ఖాళీగా ఉంది. "ఇది అమ్మీ అండి" అంది. మేము ఇంకేమీ అడగలేదు. ఆ రోజు క్లాసు అయ్యాక నానీతో మాట్లాడాం. రాత్రి ఫోను వచ్చే వేళకు పాప నిద్రపోతోందని ఆవిడ చెప్పారు. శుక్రవారం మధ్యాహ్నం మాట్లాడేలా ఏర్పాటు చేసుకున్నారు. లెక్కల ట్యూషన్‌లో ఈ సంగతి మాకు తెలిసేది కాదు. ఆ పిల్ల లెక్కల్లో ఎందుకు వెనకబడిందో కూడా తెలిసేది కాదు.

ఇక దీన్ ప్రశ్న. దీన్ని మేము తేలిగ్గా తీసుకోం. మేము ఆలిములం కాదు, ఫత్వాలు చెప్పే అర్హత మాకు లేదు. ప్రాణమున్నవాటి రూపాలు గీయడం గురించి ఉలమాలలో గట్టి అభిప్రాయాలు ఉన్నాయి, భేదాభిప్రాయాలూ ఉన్నాయి. ఆ విషయంలో ప్రతి ఇంటివారు తమ మౌల్వీ సాబ్‌ను అడిగి చేసుకోవడమే పద్ధతి. తెలుగులో ఒక చిక్కు కూడా ఉంది. ఆడుకునే బొమ్మనూ, పూజించే బొమ్మనూ, కాగితం మీద గీసిన కొబ్బరిచెట్టునూ మనం ఒకటే మాటతో 'బొమ్మ' అంటాం. 'బొమ్మల క్లాసు' అని వినగానే తల్లిదండ్రులు కంగారుపడడం సహజం.

అయితే రెండు సంగతులు మనవి చేస్తాం. మొదటిది, బొమ్మలు గీసి బతికే ఒకాయన ఇబ్న్ అబ్బాస్ (రజి) దగ్గరకు వస్తే, తప్పదనుకుంటే చెట్లను, ప్రాణం లేనివాటిని గీసుకోమని ఆయన సలహా ఇచ్చినట్టు సహీహ్ బుఖారీలో ఉంది. రెండోది, అదే గ్రంథంలో అబ్దుల్లా ఇబ్న్ మస్ఊద్ (రజి) చెప్పిన సంగతి. ప్రవక్త (స) ఒకసారి ఒక చదరం గీశారు. దాని మధ్యలోంచి బయటకు పొడుచుకుపోయే ఒక గీత గీశారు. ఆ గీతకు పక్కల చిన్న చిన్న గీతలు గీశారు. మధ్య గీత మనిషి, చుట్టూ ఉన్న చదరం అతని ఆయుష్షు, బయటకు పోయిన భాగం అతని ఆశ, చిన్న గీతలు అతనికి తగిలే కష్టాలు అని వివరించారు. ఆశ ఆయుష్షు దాటి పోతుందని ఇంత చిన్న పటంతో చెప్పారు. ఉపాధ్యాయులుగా మాకు ఇంతకంటే గొప్ప పాఠం లేదు. మాటలతో అందనిదాన్ని గీతతో అందించవచ్చునని అక్కడే నేర్చుకోవచ్చు.

అందుకే మా క్లాసులో కొన్ని నియమాలు పెట్టుకున్నాం. ప్రవక్తల రూపాలు, దేవతా రూపాలు గీయించం. మనుషుల, జంతువుల రూపాలు వద్దని ఇంట్లో చెబితే, ఆ పిల్లకు ఆకులు, పళ్ళు, పడవలు, ఇళ్ళు, అల్లికలు ఇస్తాం. పక్కపిల్ల ముందు చిన్నబోనివ్వం. మీరు నమ్మండి, దానివల్ల ఎవరికీ తక్కువ కాలేదు. అరటిగెలను చూసి గీయడం మనిషి మొహం గీయడంకంటే సులభమేమీ కాదు.

పైగా మన వారసత్వంలో ఉన్నదే ఎంతో ఉంది. హజ్‌కు వెళ్ళివచ్చినవారు తెచ్చే మదీనా ముద్రణ ఖుర్ఆన్‌లో ఎనిమిది మొనల నక్షత్రం గుర్తు ఉంటుంది. హిజ్బ్‌లో నాలుగో వంతును చూపే గుర్తు అది. పిల్లలకు రెండు చదరపు కాగితాలు ఇచ్చి, ఒకదాని మీద ఒకటి పెట్టి పైదాన్ని తిప్పమంటాం. ఎంత తిప్పితే ఎనిమిది మొనలూ సమానంగా వస్తాయో వాళ్ళే కనిపెడతారు. అది 45 డిగ్రీలని చెప్పేది తరవాత. కోణం అనే మాట బడిలో వినేనాటికి కోణం వాళ్ళ చేతికి తెలిసి ఉంటుంది. ఆడపిల్లలకు గోరింటాకు తీగ ఎలాగూ వచ్చు. పండగనాడు చేతి మీద వేసేదాన్నే కాగితం మీద వేయించి, తీగ ఎక్కడ మలుపు తిరిగితే ఆకు ఎటు రావాలో చూడమంటాం. బందరు దగ్గర పెడనలో నేటికీ అద్దుతున్న కలంకారీ గుడ్డల మీద ఉన్నవి ఇలాంటి తీగలూ పువ్వులే. 'కలం', 'కారీ' రెండూ పారశీకం నుంచి వచ్చిన మాటలు. గోల్కొండ సుల్తానుల కాలంలో ఆ గుడ్డలు మచిలీపట్నం రేవు నుంచి పర్షియా దాకా వెళ్ళాయి. ఆ పనిలో నల్లరంగును తుప్పు పట్టిన ఇనుమూ బెల్లమూ నానబెట్టి తీస్తారు, కరక్కాయతో గుడ్డను సిద్ధం చేస్తారు. ఈ సంగతి చెప్పిన రోజున పిల్లలు ఇంటికెళ్ళి ఇనపమేకులు నానబెట్టారని తల్లులు మాకు ఫిర్యాదు చేశారు.

ఇప్పుడు మొదటి ప్రశ్న, కూడు సంగతి. గీత వచ్చిన చెయ్యి ఎక్కడ పనికొస్తుందో మన వీధుల్లో నడిస్తే కనబడుతుంది. గుడ్డ మీద సుద్దతో గీసి కత్తెర పెట్టే టైలరుకు కావాలి. తలుపు చెక్కే వడ్రంగికి కావాలి. బండారులంక మగ్గం మీద చీర అంచు నేసేవారికి కావాలి. నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. రాజోలు వైపు ఇళ్ళల్లో అదే లేసు అల్లే ఆడవాళ్ళకు కొత్త నమూనా కావాలంటే ఎవరో ఒకరు గీయాలి. పెద్దయ్యాక ఇష్టమున్నవారు ప్రభుత్వ పరీక్షల విభాగం నిర్వహించే డ్రాయింగు లోయర్, హయ్యర్ పరీక్షలు రాయవచ్చు. అవి డ్రాయింగు ఉపాధ్యాయ వృత్తికి మెట్లు. అయితే ఉద్యోగం వస్తుందని మేము ఆశ పెట్టడం లేదు. అయిదేళ్ళ పిల్లకు ఉద్యోగం లెక్కలు చెప్పడం న్యాయం కాదు.

రాజమండ్రిలో దామెర్ల రామారావు అనే కుర్రవాడు ఉండేవాడు. అతని గీతను గమనించినవాడు ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఆంగ్లేయుడు. ఆయన ప్రోత్సాహంతో రామారావు బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదివాడు. తిరిగివచ్చి రాజమండ్రిలోనే చిత్రకళాశాల పెట్టాడు. 1897లో పుట్టి 1925లోనే మశూచితో పోయాడు. ఇరవై ఎనిమిదేళ్ళు కూడా నిండలేదు. అయినా ఆంధ్రదేశపు చిత్రకళ గురించి మాట్లాడితే ఆ పేరు ముందు వస్తుంది. అడివి బాపిరాజు కూడా ఆ కూల్డ్రే శిష్యుడే. మన పిల్లలందరూ రామారావులు కారు, కానవసరం లేదు. కాని ఒక మాస్టారు ఒక కుర్రవాడి కాగితం వైపు శ్రద్ధగా చూడకపోతే ఆ రామారావు కూడా లేడు. రాజమండ్రిలో ఆయన పేరిట ఆర్ట్ గ్యాలరీ ఉంది. పిల్లలను ఒక్కరోజు అక్కడికి తీసుకెళ్ళాలని మా కోరిక.

ఈ పని బడి చేయాలి కదా అని మీరు అడగవచ్చు. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం చిత్రకళకు పార్ట్‌టైమ్ బోధకుడు ఉండవలసింది ఆరు నుంచి ఎనిమిది తరగతులకు, అదీ వందమంది దాటిన చోట. ఒకటి నుంచి అయిదు తరగతుల పిల్లలకు అలాంటి ఏర్పాటు రాసి లేదు. గీత అన్నిటికంటే ఎక్కువ అవసరమైన వయసు అదే. డబ్బున్నవారు వేసవిలో ఫీజు కట్టి పంపుకుంటారు. మన పిల్లలకు ఈ ఆదివారం గంట తప్ప వేరే చోటు లేదు.

ఖర్చు మాట కూడా చెబుతాం. ముప్ఫైమంది పిల్లలకు వారానికి రెండు కాగితాల చొప్పున అరవై కాగితాలు. అయిదువందల కాగితాల కట్ట ఒకటి ఎనిమిది వారాలు వస్తుంది. ఏడాదికి ఏడు కట్టలు చాలు. క్రేయాన్సు పెట్టెలు, పెన్సిళ్ళు, పలకలు, సుద్దముక్కలు కావాలి. రంగుగిన్నెలకు కొబ్బరిచిప్పలు ఉండనే ఉన్నాయి, కుంచెలకు కొబ్బరి పీచు ఉంది. జకాత్ సొమ్ము ఏ పద్దులో వాడాలో పెద్దలకూ ఉలమాలకూ తెలుసు. దాన్ని మేము అడగడం లేదు. మీ సదఖాలో ఒక చిన్న భాగం అడుగుతున్నాం.

ఒక దాతగారు మంచి మనసుతో, ప్రతి నెలా ఉత్తమ చిత్రానికి బహుమతి ఇస్తామన్నారు. ఆ సొమ్ము కాగితాలకు ఇవ్వమని వినయంగా కోరాం. బహుమతి పెట్టిన మరుక్షణం పిల్లలు మళ్ళీ కొండలు వేయడం మొదలుపెడతారు. పెద్దలకు నచ్చేది ఏదో వాళ్ళకు బాగా తెలుసు.

తల్లులకూ తండ్రులకూ మా మనవి. పిల్ల కాగితం పట్టుకుని వస్తే "ఏమిటిది?" అనకండి, "దీని గురించి చెప్పమ్మా" అనండి. వాళ్ళ కాగితం మీద మీరు గీత పెట్టకండి. పక్కింటి పిల్లతో పోల్చకండి. వారానికి ఒక్క కాగితమైనా వంటింటి తలుపుకు అంటించండి. పొయ్యి దగ్గరకు మాత్రం పంపకండి.

లెక్కలు ముఖ్యం కాదని మేము అనం. మేము లెక్కలు కూడా చెబుతాం. లెక్కలకు ఇంకొక గంట కావాలంటే శనివారం సాయంత్రం మేమే వచ్చి చెబుతాం, దానికి ఏమీ ఇవ్వనక్కరలేదు. ఆదివారం గంటను మాత్రం పిల్లలకే ఉంచండి. కళ్ళెదుట ఉన్నదాన్ని చూడడం, చూసినదాన్ని ఉన్నట్టు చెప్పడం చిన్నప్పుడే అలవడాలి. రేపు ఆ పిల్లే ఒప్పంద పత్రం చదివి సంతకం పెడుతుంది, మందుసీసా మీది తేదీ చూసి కొంటుంది, కువైట్ వెళ్ళేముందు ఏజెంటు చూపించిన కాగితంలో ఏముందో చూస్తుంది. చూడడం నేర్చుకున్న పిల్లను మోసం చెయ్యడం కష్టం.

 వచ్చే ఆదివారం పది గంటలకు మా క్లాసు ఉంది. కమిటీ నిర్ణయం తీసుకునేముందు పెద్దలు ఒక్కసారి వచ్చి పిల్లల పక్కన చాప మీద కూర్చోండి. మీకు కూడా ఒక కాగితం ఇస్తాం.

మీ దానాలను అల్లాహ్ స్వీకరించుగాక, మీ పిల్లలకూ మన పిల్లలందరికీ మేలు చేసే విద్యను ప్రసాదించుగాక. ఆమీన్.